పాత వర్డ్‌ప్రెస్ సైట్‌ని హ్యూగోకి మార్చాలి, కానీ మా పరకాల సార్ ఎట్లా రాస్తారు?

ఓరుగల్లు అక్షరం:
అందరికీ నమస్తే. మాది చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్. మన దిక్కు మాట్లాడే పదాలను పోగుచేసి హన్‌స్పెల్ అనే స్పెల్లింగ్ చూసే ప్రోగ్రామ్‌కి పదాల పట్టికగా ఇస్తాం, అంటే లిబ్రాఫీస్‌లో 'కండె' అనో 'పడుగు' అనో నేతపని మాట టైప్ చేస్తే కింద ఎర్రగీత రాకుండా. పట్టిక, కోడ్ గిట్‌హబ్‌లో ఉన్నాయి. వెబ్‌సైట్ మాత్రం 2008 నుంచి వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తోంది, నాలుగు వందల పైన పేజీలు, ఒక్కో పదానికో ఒక్కో పనికో ఒక పేజీ. ఇప్పుడు హోస్టింగ్ వాళ్లు వర్డ్‌ప్రెస్ నడవడానికి కావాల్సిన పీహెచ్‌పీలో 7.4 వెర్షన్ తీసేస్తున్నాం అని మెయిల్ పెట్టారు. 2022 నవంబర్‌తోనే దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి వాళ్లను అనడానికి లేదు. మా థీమ్ చేసినాయన ఎప్పుడో వదిలేశారు, 8 మీద పెట్టి చూస్తే తెల్ల పేజీ తప్ప ఏమీ రాలేదు.

హన్మకొండలో మేం నలుగురం ఆదివారాలు కూర్చుంటాం. మామూలు ఫైళ్ల నుంచి హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారుచేసే హ్యూగోకి మారి, గిట్‌హబ్ వాళ్లే సైట్‌ని చూపించే గిట్‌హబ్ పేజెస్‌లో పెడదాం అనుకున్నాం, డేటాబేస్ ఉండదు, ఏటేటా హోస్టింగ్ ఖర్చు ఉండదు. కానీ పేజీల్లో సగానికి పైగా రాసింది పరకాలలో ఉండే రిటైర్డ్ తెలుగు సార్. వరంగల్ కొత్తవాడకి వచ్చి జంపఖానా నేసేవాళ్ల దగ్గర కూర్చుని పదాలు నోట్‌బుక్‌లో రాసుకుని, ఇంటికి పోయి ఫోన్‌లో వర్డ్‌ప్రెస్ యాప్‌లో టైప్ చేస్తారు. ఆయనకి గిట్ (ఫైళ్లలో ప్రతి మార్పునీ దాచే ప్రోగ్రామ్), మార్క్‌డౌన్ (గుర్తులతో పేజీ రాసే పద్ధతి) నేర్పే ధైర్యం నాకు లేదు, ఆయన్ని దూరం చేసుకునే సైట్ నాకు వద్దు. ఇట్లాంటిది ఎవరైనా చేశారా? రెండు వారాలుగా ఇదే టెన్షన్.

కాజీపేట జంక్షన్:
తమ్మీ, సార్ సంగతి తర్వాత, ముందు లింకులు చూసుకో. తెలుగు శీర్షికలున్న సైట్‌లో అందరూ దెబ్బతినేది అక్కడే.

అడ్రస్‌లో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు, ఒక్కో బైట్ % తో కలిపి మూడు అక్షరాలుగా మారుతుంది, అంటే గుర్తుకి తొమ్మిది. వర్డ్‌ప్రెస్ ఆ భాగాన్ని 200 దగ్గర ఆపేస్తుంది కాబట్టి మనకి దక్కేది ఇరవై రెండు గుర్తులే, ఒత్తులు గుణింతాలు విడివిడిగా లెక్క. నీ సైట్‌లో 'కొత్తవాడ జంపఖానా మగ్గం పదాలు' అని పేజీ ఉందనుకో, లెక్కేస్తే అడ్రస్ 'కొత్తవాడ-జంపఖానా-మగ్గం-ప' దగ్గర తెగుతుంది. శీర్షిక నుంచి హ్యూగో కొత్తగా అడ్రస్ తయారుచేస్తే చివర 'పదాలు' పూర్తిగా వస్తుంది, పాత లింక్ చచ్చిపోతుంది. అందుకే తెగిన అడ్రస్‌నే, ఎంత అందవికారంగా ఉన్నా, ప్రతి ఫైల్ తలభాగంలో యూఆర్‌ఎల్ అని యథాతథంగా రాసి పెట్టు. % గుర్తులతో కాదు, తెలుగులోకి విప్పి. లేకపోతే % కాస్తా %25 అయిపోయి ఇంకో తలనొప్పి. గిట్‌హబ్ పేజెస్‌లో సర్వర్ నుంచి 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్ అడిగినవాళ్లను కొత్తదానికి పంపడం) ఇచ్చే వీలు లేదు, హ్యూగో ఏలియాస్ అంటే పాత అడ్రస్‌లో చిన్న పేజీ పెట్టి అక్కడి నుంచి తోయడమే, కాబట్టి అడ్రస్ మారకపోవడమే మేలు.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోకు. హ్యూగోలో రిమూవ్‌పాత్‌యాక్సెంట్స్ అని సెట్టింగ్ ఉంది, మామూలుగా ఆపేసే ఉంటుంది. ఎక్కడి నుంచో తెచ్చుకున్న కాన్ఫిగ్‌లో అది ఆన్ చేసి ఉంటే ఫ్రెంచ్ అక్షరాల మీది గుర్తులు తీసినట్టే మన పొల్లులు, గుణింతాల్లో చాలావరకు కూడా తీసేస్తుంది. కొత్తవాడ 'కతతవడ' అయిపోతుంది.

పాకాల ఒడ్డు:
2008 అన్నావు కదా, డేటాబేస్ టేబుల్స్ ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను బైట్లుగా దాచే ఏ పద్ధతిలో ఉన్నాయో చూశావా? ఆ రోజుల్లో చాలా హోస్టింగ్‌లలో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఇంగ్లిష్ లాంటి భాషల కోసం చేసిన లాటిన్1 మీద ఉండేది. వర్డ్‌ప్రెస్ అన్ని భాషలకూ పనికొచ్చే యూటీఎఫ్-8 బైట్లు పంపితే అది లాటిన్ అనుకుని దాచుకునేది, తిరిగి అడిగితే అట్లనే ఇచ్చేది, సైట్‌లో తెలుగు బాగానే కనిపించేది. ఎగుమతి చేసిన రోజు బయటపడుతుంది లొల్లి. ఒక్కో తెలుగు గుర్తు స్థానంలో అర్థంకాని అక్షరాలు మూడేసి వస్తాయి. అట్లా వస్తే కంగారు పడకు, డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్‌గా) తీసేటప్పుడు క్యారెక్టర్ సెట్ లాటిన్1 అనే చెప్పి తీసి, ఆ ఫైల్‌ని యూటీఎఫ్-8 అని చదివించు, మళ్లీ తెలుగు వచ్చేస్తుంది. ఏదైనా సరే కాపీ మీదే చెయ్యి.

కామెంట్లు ఉన్నాయా మీ సైట్‌లో? చాలా ఎగుమతి ప్లగిన్లు పేజీలు తీసి కామెంట్లు వదిలేస్తాయి. వర్డ్‌ప్రెస్ సొంతంగా ఇచ్చే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో అవి ఉంటాయి. కానీ అందులోనే కామెంట్ పెట్టినవాళ్ల ఈమెయిల్, ఐపీ అడ్రస్ కూడా ఉంటాయి, ఆ ఫైల్‌ని పొరపాటున కూడా గిట్‌హబ్‌లో అందరికీ కనిపించే రెపోలో వేయకు. తర్వాత తీసేసినా గిట్ చరిత్రలో ఉండిపోతుంది.

మానేరు గట్టు:
నేను వేరే మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. సార్‌కి వర్డ్‌ప్రెస్ అలవాటైతే వర్డ్‌ప్రెస్ ఎందుకు తీయాలి? థీమ్ మార్చి, దాన్ని పాస్‌వర్డ్ వెనక ఒక మూలకు పెట్టండి, సింప్లీ స్టాటిక్ లాంటి ప్లగిన్‌తో మొత్తం సైట్‌ని మామూలు హెచ్‌టీఎంఎల్‌గా తీసి అది మాత్రం బయట పెట్టండి. ఫారాలు, కామెంట్లు, సెర్చ్ పనిచేయవు, మిగతాదంతా దాదాపు పనిచేస్తుంది. మా కరీంనగర్‌లో ఒక లైబ్రరీ సైట్‌కి ఇట్లనే చేశాను. డెకాప్ సీఎంఎస్ అని గిట్ మీద పనిచేసే ఎడిటర్ ఒకటి ఉంది, 2023కి ముందు నెట్లిఫై సీఎంఎస్ అనేవాళ్లు, అది కూడా పెట్టి చూశా. లాగిన్ కోసం మధ్యలో ఇంకో చిన్న సర్వర్ కావాల్సి వచ్చింది, ఫోన్‌లో ఇరుకుగా ఉంది. డెబ్బై ఏళ్ల మనిషికి అది ఇవ్వబుద్ధి కాలేదు.

కాజీపేట జంక్షన్:
మానేరు అన్న చెప్పింది బాగానే ఉంది కానీ అప్డేట్ల బాధ్యత వీళ్ల మీదే ఉంటుంది కదా, ఆ నలుగురిలో ఒకరు ఉద్యోగానికి హైదరాబాద్ పోతే మళ్లీ ఇదే కథ.

తమ్మీ, ఒకటి అడుగుతా. సార్ నిజంగా రాసేది పేజీలా? నాకు వరుసల్లా కనిపిస్తున్నాయి. పదం, అర్థం, ఏ పనిలో వాడతారు, ఒక వాక్యం, ఏ వాడలో విన్నారు. అవి గూగుల్ షీట్‌లో ఉంటే ఫోన్‌లోనే నింపుతారు. 2024లో వచ్చిన 0.126 వెర్షన్ నుంచి హ్యూగోలో కంటెంట్ అడాప్టర్లు ఉన్నాయి, షీట్‌ని సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు ఫైల్‌గా తీస్తే అందులో ఉన్న ఒక్కో వరుస నుంచి ఒక్కో పేజీ అదే తయారుచేస్తుంది. అదే సీఎస్‌వీ నుంచి మీ హన్‌స్పెల్ పట్టిక కూడా వస్తుంది. ఇప్పుడు సార్ సైట్‌లో పెట్టిన పదాన్ని మీరు మళ్లీ పట్టికలో చేత్తో ఎక్కిస్తున్నారా లేదా?

ఓరుగల్లు అక్షరం:
ఎక్కిస్తున్నాం అన్నా. చాలాసార్లు మర్చిపోతున్నాం కూడా. సైట్‌లో ఉండి పట్టికలో లేని పదాలు నిన్న రాత్రి చూస్తే అరవైకి పైగా దొరికాయి, సార్ కష్టపడి తెచ్చిన మాటలకు మా వల్లే ఇంకా ఎర్రగీత పడుతోంది. చాలా బాధేసింది.

పాకాల ఒడ్డు అన్నట్టే టేబుల్స్ లాటిన్1లోనే ఉన్నాయి. కాపీ మీద ప్రయత్నించా, తెలుగు తిరిగొచ్చింది. సార్‌తో ఫోన్‌లో మాట్లాడా. షీట్‌కి ఒప్పుకున్నారు, రెండు మాటలు అడిగారు. మగ్గం దగ్గర కూర్చున్నప్పుడే నేసేవాళ్లకు పేజీ చూపిస్తారట, తప్పుంటే వాళ్లు అక్కడే చెప్తారు, కాబట్టి టైప్ చేసిన కాసేపటికే సైట్‌లో కనిపించాలి. గంటకోసారి దానంతటదే బిల్డ్ అయ్యేలా పెడతా, అది చాలన్నారు. రెండోది కామెంట్ల గురించి. 'మా వాడలో దీన్ని ఇట్లనరు' అని నేసేవాళ్ల పిల్లలు పెట్టినవి అందులో చాలా ఉన్నాయి, అవి పోతే నా పేజీలు ఉండి ఏం లాభం బిడ్డా అన్నారు.

అందుకని కామెంట్లను ఈమెయిళ్లు తీసేసి షీట్‌లోనే ఇంకో కాలమ్‌గా పెడుతున్నాం, ఏ పదం కింద ఏది ఉందో చూసి ఒక్కొక్కటి చేత్తోనే. ఆ కాలమ్‌కి ఏం పేరు పెట్టాలని సార్‌నే అడిగితే 'వాడ మాట' అని పెట్టమన్నారు. ఈ ఆదివారం కొత్తవాడ పేజీలతో మొదలు.