బెంగళూరు వైట్‌ఫీల్డ్ లేబర్ షెడ్లలో ఆరోగ్య కార్యక్రమం: ఎక్కడ మొదలుపెట్టాలి?

డిగ్రీ_కుర్రాడు:
మా ఎన్ఎస్ఎస్ యూనిట్ పన్నెండు మందిమి. కాలేజీ వెనక అపార్ట్‌మెంట్ సైటు, రేకుల షెడ్లలో కర్నూలు, మహబూబ్‌నగర్, రాయచూరు వైపు కుటుంబాలు. బీపీ, షుగరు చూడాలి, డెంగీ, విరేచనాలు, రక్తహీనత, గుట్కా గురించి చెప్పాలి అనుకున్నాం. ఒక ఆదివారం, రెండు గంటలు. బీపీ మిషన్లు రెండు, గ్లూకోమీటరు ఒకటి ఉన్నాయి. ఏది ముందు?

పీహెచ్‌సీ_నర్సు:
ఆ పట్టీలో మూడొంతులు కొట్టేయండి. ఇప్పుడు వానాకాలం కాబట్టి విరేచనాలు, డెంగీ దోమలు పెరిగే నీళ్ల డ్రమ్ములు చాలు.

వెళ్లేముందు మూడు చోట్ల మాట్లాడాలి: మేస్త్రీ, సైటు ఇన్‌ఛార్జి, దగ్గర్లోని నమ్మ క్లినిక్ (సర్కారు వారి చిన్న దవాఖానా). మూడోదాన్నే అందరూ వదిలేస్తారు. బీపీ ఎక్కువుందని చీటీ రాసిచ్చి, ఎక్కడికెళ్లాలో చెప్పకపోతే ఆ మనిషికి మిగిలేది బెంగ ఒక్కటే. క్లినిక్ వేళలు కనుక్కుని చీటీ మీదే రాయండి. ఆశా కార్యకర్తను వెంట తీసుకెళ్లండి, మీరు వెళ్లిపోయాక అక్కడ తిరిగేది ఆమే. ఆదివారం వారం డబ్బులు చేతికొచ్చాక షెడ్లలో ఎవరూ ఉండరు, సంతకు పోతారు. ఆ గంట ఏదో మేస్త్రీనే అడగండి.

పిల్లల_వార్డు:
విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్ మీద ఉపన్యాసం వద్దు, ఒక తల్లి చేతే కలిపించండి. కొలతకు వాళ్లింట్లో ఉండే లీటరు వాటర్ బాటిల్ చాలు. ఆస్పత్రిలో ఇచ్చే పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు. షాపుల్లో 200 మి.లీ.కి సరిపడే చిన్నవీ ఉంటాయి, కాబట్టి కవరు మీద చదివి చెప్పండి. ఎక్కువగా జరిగే తప్పు, పెద్ద ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్లలో కలపడం. ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. కొంచెం కొంచెంగా వాడుకుందామని సగం పొడి దాచడం ఇంకో తప్పు. పొడి మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి.

రెండేళ్ల లోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50–100 మి.లీ., ఆపై పిల్లలకు 100–200, స్పూనుతో. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ నిదానంగా. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు. విరేచనాలు ఆగగానే మందు ఆపేస్తారు, అందుకే 14 అన్న అంకె గట్టిగా చెప్పండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చదునుగా ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. తియ్యటి పండ్ల రసాల టెట్రా ప్యాకెట్లు ఓఆర్ఎస్ కావు. అలాంటి వాటి మీద ఆ పేరు వేయొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది.

బిడ్డ మగతగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఆగకుండా ఆస్పత్రికి.

మిషన్_బాబాయ్:
బీపీ చూడక తప్పదంటే సరిగ్గా చూడండి. నాలుగు కుర్చీలు వరసగా వేస్తే వంతు కోసం కూర్చున్న సమయమే ఐదు నిమిషాల విశ్రాంతి అవుతుంది. వీపు ఆనించి, కాళ్లు నేలకు తగిలేలా, చేయి గుండె ఎత్తులో. కఫ్ (చేతికి చుట్టే పట్టీ) చొక్కా మీద చుట్టొద్దు. చేతికి చిన్నదైన కఫ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. బీడీ, టీ తాగి అరగంట కాకపోతే తర్వాత రమ్మనండి. మిషన్ నడిచేటప్పుడు మాటలొద్దు, మీవాళ్లు పేరు, ఊరు అడిగేది సరిగ్గా అప్పుడే! నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. 140/90 దాటితే "నీకు బీపీ ఉంది" అనకండి, "క్లినిక్‌లో ఇంకో రోజు చూపించుకో" అనండి. 180/120 దాటి ఛాతీనొప్పో, మాట తడబాటో ఉంటే వెంటనే 108.

గ్లూకోమీటరు మాత్రం ఇంట్లో పెట్టి రండి. సూది మనిషికొకటి వాడినా, తర్వాత వాటిని గుచ్చుకోని గట్టి డబ్బాలో వేసి ఆస్పత్రికి అప్పగించాలి. ఎక్కడ తేడా వచ్చినా హెపటైటిస్ బి దాకా పోతుంది. నర్సు కూర్చుంటే సరే, లేకపోతే వద్దు.

డిగ్రీ_కుర్రాడు:
థాంక్స్ బాబాయ్. నర్సు మేడం, డ్రమ్ములకు మూతల్లేవు. నీళ్లు పారబోయమంటే తిడతారేమో, ట్యాంకరు నీళ్లే దిక్కు.

పీహెచ్‌సీ_నర్సు:
తిట్టాలి కూడా! నిండు డ్రమ్ము పారబోయమనకండి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికోసారి డ్రమ్ము ఖాళీ అయితే చాలు. ట్యాంకరు వచ్చే ముందు నీళ్లు అడుగంటినప్పుడు లోపలి గోడలు పీచుతో గట్టిగా రుద్దించండి. గుడ్లు నీటి అంచున గోడకే అంటుకుంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. ఊరికే నీళ్లతో కడిగితే పోవు. మూతకు పాత చీర రెండు మడతలు వేసి సైకిల్ ట్యూబుతో బిగించండి. గుడ్డ కుంగి నీళ్లకు తగిలితే పెట్టీ పెట్టనట్టే. తెల్ల ప్లేటులో కాసిని నీళ్లు తీసి టార్చి వేయండి, పురుగులు కదలడం చూస్తే వేరే పోస్టరు అక్కర్లేదు.

లిఫ్టు గుంతలో నీళ్లు, కాంక్రీటు తడపడానికి నిలిపే క్యూరింగు నీళ్లు కాంట్రాక్టరు పని, కూలీల నెత్తిన వేయకండి. వాటికి దోమ పురుగుల్ని చంపే మందు టెమిఫాస్ కావాలంటే కార్పొరేషన్ ఆరోగ్య సిబ్బందికి ఫోను చేయండి, మీరు కలపొద్దు.