ఐ-29 నమూనాకు తుప్పు ఎంతవరకు పట్టించాలి?

గోదారి_బ్రష్:
నమూనా కిట్లు చేసే ఏఎఫ్‌వీ క్లబ్ వారి 1/350 స్కేలు ఐ-19 కిట్‌తో నేను ఐ-29 జలాంతర్గామిని కడుతున్నాను. రెండూ జపాన్ నౌకాదళపు బీ1 తరగతికి చెందినవే కనుక పెద్ద మార్పులేమీ అవసరం కాలేదు. 1943 ఏప్రిల్ 28న మడగాస్కర్‌కు ఆగ్నేయంగా, అలలు ఎగసిపడుతున్న సముద్రంలో, జర్మన్ జలాంతర్గామి యూ-180 నుంచి సుభాస్ చంద్రబోస్‌ను, ఆయన వెంట ఉన్న మన హైదరాబాదు వారు ఆబిద్ హసన్‌ను రబ్బరు పడవలో ఎక్కించుకున్న ఐ-29ని చూపాలన్నది నా ఉద్దేశం. హల్‌కు, అంటే ఓడ బయటి ఒంటికి, నలుపు వేసి, పక్కన నీరు పోయే రంధ్రాల వరుస నుంచి కిందికి ఆయిల్ పెయింట్‌తో తుప్పు చారలు లాగాను. యాంకర్ చుట్టూ, హ్యాంగర్ తలుపు అంచుల మీద హెయిర్‌స్ప్రే పద్ధతిలో రంగు పెచ్చులు కూడా లేపాను. ఫొటోలు చూసిన మిత్రుల్లో కొందరు ప్రాణం వచ్చిందన్నారు, కొందరు తుక్కు కొట్టే యార్డుకు వెళ్లే ఓడలా ఉందన్నారు. మీ అభిప్రాయాలు నిర్మొహమాటంగా చెప్పండి.

రేవుపట్నం:
గోదారి_బ్రష్ గారూ, మీ చేతి పనిలో లోపం లేదు, చారల పరిమాణంలో ఉంది. 108.7 మీటర్ల జలాంతర్గామి మీ బల్ల మీద 31 సెంటీమీటర్లే ఉంటుంది. అంటే నమూనా మీద ఒక మిల్లీమీటరు అసలు ఓడ మీద 35 సెంటీమీటర్లకు సమానం. మీ ఫొటోలో మూడో రంధ్రం కింద ఉన్న చార ఒక మిల్లీమీటరుకు తక్కువ లేదు. జానెడున్నర వెడల్పున తుప్పు కారాలంటే ఆ ఇనుము ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోకుండా పడి ఉండాలి. ఐ-29 సేవలో చేరింది 1942 ఫిబ్రవరి 27న; బోస్‌ను ఎక్కించుకునే నాటికి దాని వయసు పద్నాలుగు నెలలు.

తుప్పు ఎలా కారుతుందో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నిలిచి ఉన్న స్టీల్ ట్రాలర్ల దగ్గర ఒక గంట నిలబడితే తెలుస్తుంది. డెక్ మీది నీరు బయటికి పోయే కంత దగ్గర, సరిగ్గా కింది మూలలో, దారమంత సన్నగా, దాదాపు నల్లగా మొదలవుతుంది. జానెడు దిగేసరికి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆపైన పలచబడి పక్కలకు పరుచుకుని, రంగులో కలిసిపోతుంది. ఏ రెండు కంతల కింద చారలూ ఒకే పొడవున ఉండవు, కొన్నింటి కింద అసలే ఉండవు. మీరు ప్రతి రంధ్రానికీ ఒకే పొడవు, ఒకే వెడల్పు ఇచ్చారు, అందుకే అది తుప్పులా కాక గోడకు పెట్టిన సున్నపు బొట్ల వరుసలా కనిపిస్తోంది.

వరంగల్_ఎయిర్‌బ్రష్:
రేవుపట్నం గారి లెక్క సరైనదే, కానీ నమూనాను లెక్కతో చూడము, కంటితో చూస్తాము. ప్రదర్శనలో సందర్శకుడు మీటరు దూరంలో నిలబడతాడు. అంత దూరం నుంచి నల్లటి హల్ మీద దారమంత చార కనబడదు. 31 సెంటీమీటర్ల నల్లటి ముద్ద మాత్రమే కనబడుతుంది. బీ1 తరగతిలో చూడదగినదంతా పైభాగంలోనే ఉంది: కానింగ్ టవర్ (డెక్ మధ్య పైకి లేచిన గది) ముందు విమానపు హ్యాంగర్, దాని ముందు విమానాన్ని గాల్లోకి విసిరే క్యాటపల్ట్, వెనుక డెక్ మీద 14 సెంటీమీటర్ల తుపాకి. వీటి అంచులు తేలాలంటే రంగులో తేడా కావాలి, ఆ తేడా కోసం వాస్తవం కంటే కాస్త ముందుకు వెళ్లక తప్పదు. పైగా పద్నాలుగు నెలల వయసు అంటున్నారు, అవి యుద్ధపు నెలలు. నేను విశాఖ బీచ్‌లోని కుర్సురాను అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకున్నాను. ఉప్పు తగిలిన జలాంతర్గామి ఎలా ఉంటుందో చూడాలంటే మన దగ్గర అంతకంటే మంచి ఆధారం లేదు.

రేవుపట్నం:
కుర్సురాను నేనూ చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఆ జలాంతర్గామి అంటే నాకు గౌరవం. కానీ అది 2002 నుంచి ఒడ్డున ఉన్న మ్యూజియం. సముద్రపు గాలికి ఒక చోట నిలబడి పట్టే తుప్పు వేరు, మునుగుతూ తేలుతూ తిరిగే హల్ మీద పట్టేది వేరు. రేవెట్లు, వెల్డింగులు చూడడానికి దాన్ని వాడుకోండి, మరకల కోసం వద్దు.

ఉప్పుగాలి:
ఇద్దరి వాదనలూ చదివాను. ఇద్దరూ తుప్పు గురించే మాట్లాడుతున్నారు, నాకు మాత్రం నీరు గుర్తుకొస్తోంది. గోదారి_బ్రష్ గారు ఏదో ఒక ఐ-29ని కట్టడం లేదు, ఒకానొక రోజున ఉన్న ఐ-29ని కడుతున్నారు. ఆ రోజు సముద్రం అల్లకల్లోలంగా ఉందని వారే రాశారు. అలలు డెక్ మీదికి ఎక్కుతున్నప్పుడు హల్ కింది సగం తడిసి నిగనిగలాడుతుంది, తడిసిన నలుపు ఇంకా ముదురుతుంది, ఎండిన ఉప్పు తెలుపు అక్కడ ఉండదు. నీరందని కానింగ్ టవర్ పైభాగంలో మాత్రం రంగు పొడిగా, వెలిసి, బూడిదకు తిరిగి ఉంటుంది. వరంగల్_ఎయిర్‌బ్రష్ గారు అడిగిన రంగు తేడా ఇక్కడే దొరుకుతుంది, తుప్పును పెంచనక్కరలేదు.

నేనైతే హల్ కింది భాగానికి సెమీగ్లాస్ వార్నిష్, పైభాగానికి మ్యాట్ వాడతాను, రెండింటి మధ్య సరిహద్దును తిన్నగా కాకుండా అలలాగా ఎత్తుపల్లాలతో వదిలేస్తాను. నీరు పోయే రంధ్రాల నుంచి అప్పుడే కారుతున్న నీటికి సన్నని గ్లాస్ వార్నిష్ చారలు చాలు. నిజమైన తుప్పు యాంకర్ దగ్గర, గొలుసు రాసుకునే చోట, తాళ్లు కట్టే దిమ్మల మీద, మనుషుల బూట్లు తగిలే హ్యాచ్ అంచుల మీద. పెరిస్కోపు గొట్టం మీద మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. అది గ్రీజుతో మెరిసే లోహం.

ఆ ప్రయాణంలో బోస్ జపాన్ నావికుల మధ్య ఉన్న సామూహిక ఛాయాచిత్రం మనలో చాలామంది చూసిందే. అందులో మనుషుల ముఖాలే కనిపిస్తాయి తప్ప హల్ పక్కభాగం కనిపించదు. కాబట్టి ఇది ఇలాగే ఉండేదని ఎవరమూ పట్టుబట్టలేము, ఆ రోజుకు ఏది కుదురుతుందో మాత్రం ఆలోచించగలము.

వరంగల్_ఎయిర్‌బ్రష్:
ఉప్పుగాలి గారి మాట నాకు నచ్చింది, అయినా ఒక చిక్కు ఉంది. తడి హల్‌ను చెక్క పీఠం మీద నిలబెడితే చూసేవారికి అది తడిలా తోచదు, వార్నిష్ సరిగా ఆరలేదని తోస్తుంది. చుట్టూ రెసిన్‌తో సముద్రం పోస్తేనే ఆ నిగనిగకు అర్థం ఉంటుంది. పోసే ఉద్దేశం లేకపోతే మొత్తం మ్యాట్‌లోనే ఉంచి, నేను చెప్పినట్టు అంచులకు తేడా ఇవ్వడమే మేలు. ఈ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

గోదారి_బ్రష్:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి వైట్ స్పిరిట్‌లో తడిపిన చదును బ్రష్‌తో కుడివైపు చారలన్నీ తుడిచేశాను. ఆయిల్ పెయింట్ పూర్తిగా ఆరలేదు కనుక అడుగు రంగుకు ఏమీ కాలేదు. ఇరవై రంధ్రాల్లో నాలుగింటి కింద మాత్రం సన్నని గీతలు మిగిల్చాను, వాటిలోనూ రెండు సగంలోనే ఆగిపోతాయి. యాంకర్ దగ్గర తుప్పు అలాగే ఉంచాను. ఎడమవైపు ఇంకా ముట్టుకోలేదు. రెండు వైపులనూ పక్కపక్కన ఫొటోలు తీసి పెడతాను, మీరే పోల్చి చూడండి.

సముద్రం పోయాలనే నిర్ణయించుకున్నాను. డెక్ మీద మనుషుల ఎత్తు అయిదు మిల్లీమీటర్లు. రబ్బరు పడవ నుంచి పైకి చేయి చాచుతున్న ఇద్దరిలో ఒకరు ఆబిద్ హసన్ కావాలి కనుక, ఆ చేతిని సన్నని రాగి తీగతో చేస్తున్నాను. రెసిన్‌లో బుడగలు రాకుండా పోసే పద్ధతి తెలిసినవారు దయచేసి రాయండి.