ఎక్కుడులో వెనక హబ్ జారుతోంది: రాట్చెట్ రింగ్ అరిగిందా?

హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి విరాళాల కోసం వెళ్లే సైకిల్ యాత్ర నెలాఖరులో ఉంది. 200 కి.మీ. పైనే, డ్యాం దాటాక ఘాట్ ఎక్కాలి. అందుకే ఇప్పుడే తేల్చుకోవాలి.

హైబ్రిడ్ సైకిల్, 9 స్పీడ్, వెనక 11-34 క్యాసెట్ (11 నుంచి 34 పళ్ల వరకు ఉన్న గేర్ చక్రాల గుత్తి). హబ్‌లో (చక్రం నడిమి భాగం) 3 పాల్స్ (స్ప్రింగుతో పైకి లేచే చిన్న కొక్కేలు) ఫ్రీహబ్ బాడీ (క్యాసెట్ ఎక్కే భాగం) మీద, అవి పట్టుకునే రాట్చెట్ రింగ్ పళ్లు హబ్ గుల్ల లోపల ఉంటాయి.

చదును రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ఎక్కుడులో నిలబడి బలంగా తొక్కితే 'టక్' మని పెడల్ ఒక్కసారిగా కిందికి జారుతుంది. ఏ గేర్‌లోనైనా అంతే. ముందు చైన్ అనుకుని చైన్, క్యాసెట్ రెండూ మార్చాను. హ్యాంగర్ (వెనక గేర్ మార్చే భాగాన్ని తగిలించే ముక్క) వంకర లేదు, గేర్ కేబుల్ కొత్తది. తర్వాత చైన్ లింకు మీద, దాని కింది క్యాసెట్ పన్ను మీద సుద్దతో గుర్తు పెట్టి తొక్కించాను. జారాక కూడా గుర్తులు ఎదురెదురుగానే ఉన్నాయి, అంటే చైన్ దాటడం లేదు, హబ్బే పట్టు వదులుతోంది.

విప్పి చూస్తే పాత గ్రీజు చిక్కబడి పాల్స్‌ని లేవనివ్వడం లేదు. కిరోసిన్‌తో కడిగి, పల్చటి నూనె వేసి, పాల్స్, స్ప్రింగులు కొత్తవి పెట్టాను. జారడం తగ్గింది కానీ పోలేదు. రాట్చెట్ పళ్ల అంచులు కొన్నిచోట్ల గుండ్రంగా కనిపిస్తున్నాయి. ఘాట్‌లో వెనక లారీ ఉన్నప్పుడు ఇలా జారితే ప్రాణాపాయం.

ఇలాంటి హబ్‌లో రాట్చెట్ రింగ్ ఒక్కటే విప్పి మార్చినవారున్నారా, లేక హబ్ మొత్తం మార్చి చక్రం మళ్లీ అల్లించాల్సిందేనా?