బూట్ డివైస్‌ని తెలుగులో ఏమందాం?

ఒకే ఒక్క సాటా (డిస్కుని బోర్డుకి కలిపే ఒక పద్ధతి) హార్డ్ డిస్క్ ఉన్న సిస్టంలో దాన్నే బూట్ డివైస్‌గా, అంటే ఆన్ చేయగానే విండోస్ ఎక్కణ్ణుంచి మొదలవ్వాలో ఆ డిస్కుగా, ఎలా పెట్టుకోవాలో కొత్తవాళ్ళ కోసం రాస్తున్నానండీ. కేబుళ్ళ సంగతి రెండు ముక్కల్లో అయిపోయింది: 7 పిన్నులది డేటాకి, 15 పిన్నులది పవర్‌కి. సాటాకి ముందున్న పాత ఐడీఈ డిస్కుల్లా మాస్టరా స్లేవా అని జంపర్లు మార్చే బాధ లేదు. చిక్కల్లా శీర్షికతోనే. "ప్రారంభ సాధనం" అంటే స్విచ్చేమో అనుకుంటారు. "ఉత్థాపక పరికరం" అని ఒక మిత్రుడు అందించాడు, నాకు క్రేను కనబడింది. మీరైతే ఏమంటారు?

— బూట్ అనే ఉంచేయండి. ఆ మాట మన వ్యాకరణంలో ఎప్పుడో కుదురుకుంది: "బూట్ చేశాను", "బూటయింది", "బూటవ్వట్లేదు". సెట్టయింది, ఫిక్సయింది లాగే సంధి కూడా కలిసిపోయింది. "బూటించు" అని మాత్రం ఎవరూ అనరు. ఇంగ్లీషు మాటకి మనం చేయి, అవు తగిలిస్తాం, "ఇంచు" దాదాపు తగిలించం.

— అసలు అది బూట్‌స్ట్రాప్ కదా. బూటు వెనకాల పట్టీ పట్టుకుని తనని తానే పైకి లాక్కోవడం. డిస్కులో ఉన్న ప్రోగ్రాం నడవాలంటే ముందు మెమరీలోకి రావాలి, మెమరీలోకి తేవాలంటే ఇంకో ప్రోగ్రాం నడవాలి. మనవాళ్ళు ఎంత ఆరితేరిన నటుడైనా తన భుజం తాను ఎక్కలేడన్నారు. ఇంగ్లీషువాడు ఎక్కించేశాడు!

— ఎక్కించలేదు మాస్టారూ, కింద నిచ్చెన వేశాడు. బోర్డు మీది చిప్‌లో బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ముందే ఉంటుంది. పాత పద్ధతిలో అది డిస్కు మొదటి సెక్టారు, 512 బైట్లు, చదివి చివర్లో 55, ఏఏ అన్న గుర్తుందా లేదా చూస్తుంది. ఉంటే అందులోని కోడ్‌కి పగ్గాలు ఇచ్చేస్తుంది. అంటే సిస్టం తనంతట తాను లేవదు, ఒకరు లేపుతారు. సర్వర్ పడిపోతే "లేచిందా?" అనే కదా అడుగుతాం? లేచు, లేపు జంట ఉండగా ఉత్థాపకం దాకా ఎందుకు?

— క్రియ బాగుంది. నామవాచకం దగ్గర బోల్తా పడతారు. "లేచే డిస్కు" అంటే డిస్కే లేస్తుందనుకుంటారు.

నేనే మళ్ళీ. దానికి దారి ఉంది. "నువ్వు వచ్చిన రైలు" అంటాం, రైల్లో వచ్చావన్న "లో" ఎక్కడా కనబడదు. "మేం దిగిన హోటలు", "అన్నం తిన్న కంచం" కూడా అంతే. అలాగే "సిస్టం బూటయ్యే డిస్కు" అంటే "నుంచి" చెప్పకుండానే తెలుస్తుంది. ముందు "సిస్టం" ఉండాలి, అంతే. అది తీసేస్తే మీరన్న తంటా వస్తుంది.

— ఒప్పుకుంటా. కానీ లేపడంతో పని అయిపోదు. సాటా డిస్కుతో బోర్డు ఎలా మాట్లాడాలో బయోస్‌లో ఒక మోడ్ ఉంటుంది: పాత డిస్కుల పద్ధతి ఐడీఈ, సాటా కోసం వచ్చినది ఏహెచ్‌సీఐ. ఐడీఈ మోడ్‌లో విండోస్ వేసుకుని, తర్వాత ఊరికే ఏహెచ్‌సీఐకి మార్చి నేను దెబ్బ తిన్నాను. నీలం తెర మీద 7బి అనే ఎర్రర్ నంబరు, పక్కన "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్". డిస్కు బయోస్‌లో నిక్షేపంగా కనబడుతోంది! బయోస్ లేపింది, విండోస్ లేచింది, కానీ తన కాళ్ళ మీద తాను నిలబడటానికి కావలసిన డ్రైవర్ సిద్ధంగా లేదు. మోడ్ వెనక్కి మార్చాక గాని దారికి రాలేదు. ఒక్క డిస్కుకి రెయిడ్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే మోడ్) అక్కర్లేదు, విండోస్ వేయకముందే ఏహెచ్‌సీఐ పెట్టుకోమని రాయండి. కొన్ని బోర్డుల మీద రెయిడ్ మోడ్ ఉంటే డ్రైవర్ ఇచ్చేదాకా ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనబడదు.

— ఇంకో పేచీ. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐలో బూట్ వరుస (దేన్ని ముందు ప్రయత్నించాలో చెప్పే జాబితా) తెరిస్తే చాలాసార్లు పైన ఉండేది డిస్కు పేరు కాదు, "విండోస్ బూట్ మేనేజర్". అది లేపేది డిస్కులో ఫ్యాట్ 32 పద్ధతిలో విడిగా ఉండే ఒక చిన్న భాగంలోని (పార్టిషన్‌లోని) ఫైల్‌ని. కొత్తవాళ్ళు డిస్కు పేరు వెతికి వెతికి, కనబడితే ఆ పేరునే ఎంచుకుంటారు, ఒక్కోసారి బూటవ్వదు. మీ శీర్షికలో డిస్కు అని ఉంది, వాళ్ళ తెర మీదేమో పైన ఆ పేరు ఉండదు.

సరే, ఇలా మార్చాను. శీర్షిక: "సిస్టం బూటయ్యే డిస్కుని ఎంచుకోవడం". కింద మొదటి వాక్యం: "బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్ కనబడితే దాన్నే పైకి తెచ్చుకోండి, అది ఉండేది మీ డిస్కులోనే." "ఒంటి డిస్కు" అని కూడా రాశాను గానీ, మా తమ్ముడు చదివి "ఒంటికి డిస్కు ఏంటి, నడుం నొప్పా?" అన్నాడు. తీసేశాను.