అప్‌డేట్: బరంపురం ఒక్కరోజు ట్రిప్ అయింది

పర్లాకిమిడి నుంచి అమ్మతో ఒడిశాలోని బరంపురం వెళ్తే ఒక్కరోజులో ఏమేం చూడొచ్చని అడిగాను కదా, నిన్న వెళ్లొచ్చాం. పొద్దున్నే తారాతారిణి అమ్మవారి కొండగుడికి వెళ్లమన్నవాళ్లకు దండాలు. 999 మెట్లని టెన్షన్ పడ్డాను గానీ కారు కొండపైదాకా వెళ్తుంది. పైనుంచి ఋషికుల్య నది వంపు చూస్తూ అమ్మ చాలాసేపు కదల్లేదు.

అసలు సమయమంతా పట్టుచీరల దగ్గరే పోయింది. వంకాయరంగు చీర, అంచు పొడవునా గుడి శిఖరాల్లాంటి కుంభాల వరస. కొట్టాయన తెలుగులోనే, "అంచు తడిమి చూడండమ్మా" అన్నాడు. అమ్మ ఇంకే చీరా విప్పించలేదు. అప్పడాలు, మామిడి ఊరగాయ కూడా కొన్నాం.

గోపాల్‌పూర్ బీచ్‌కి చేరేసరికి చీకటి పడింది. మీరు మాత్రం నాలుగింటికల్లా అక్కడుండండి.