పేరు ఒక్కటే తీసేసి స్కాన్లు పరిశోధనకు ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: కొత్తపేట టెక్నీషియన్, గుంటూరు

నమస్కారం అండి. కొత్తపేటలో ఒక స్కానింగ్ సెంటర్లో సీటీ టెక్నీషియన్‌ని. పదకొండేళ్ళుగా ఇదే పని. పక్షవాతం మీద పరిశోధన చేసే వేరే ఊరి బృందానికి మా పాత బ్రెయిన్ సీటీలు ఇద్దామన్నారు మా డాక్టరు గారు. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందో, చిట్లిందో కంప్యూటర్ చెప్పేలా నేర్పిస్తారట. మంచి పనే. "పేర్లు తీసేసి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించమ్మా" అని నాకు అప్పగించారు.

ఫైళ్ళు తెరిచాక చెయ్యి ఆడలేదు. మాకు ఒకే రోజు ముగ్గురు నాగేశ్వరరావులు వస్తారు. ఒకరి రిపోర్టు ఇంకొకరి చేతికి పోకూడదని పేరు పక్కన ఊరు కొట్టేవాళ్ళం: నాగేశ్వరరావు పొన్నూరు, నాగేశ్వరరావు ప్రత్తిపాడు. రద్దీ రోజుల్లో కామెంట్ల గడిలో పంపిన డాక్టరు పేరు, అల్లుడి ఫోన్ నంబరు కూడా పెట్టేశాం. చాలావరకు నా చేత్తో కొట్టినవే.

నాకింత పట్టింపు ఎందుకంటే, కొన్నేళ్ళ క్రితం మా పిన్ని రొమ్ము స్కాన్ ఫిల్మ్‌ని ఎవరో ఫొటో తీసి, అరుదైన కేసని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మూలన పేరు, వయసు, తేదీ అలాగే ఉన్నాయి. చేతులు మారి అది మా బంధువుల దాకా వచ్చింది. పిన్ని ఆ జబ్బు సంగతి మా అమ్మకు కూడా చెప్పలేదు. కూతురి పెళ్ళయ్యాక చెబుదామనుకుందట. మాకందరికీ ఆ ఫొటో వల్లే తెలిసింది. ఆ తర్వాత ఏడాది పాటు ఆవిడ మా గడప తొక్కలేదు.

అసలు ఏమేం తీసేయాలి? పేరు పోతే చాలా?

జవాబు: కృష్ణలంక కోడర్

చాలదు అక్కా. డైకామ్ (స్కాన్లు దాచే ఫైల్ రకం) ఫైల్లో బొమ్మ ఎంత ముఖ్యమో, బొమ్మతో పాటు వివరాలు ఉండే హెడర్ అంత ముఖ్యం. పేరు, పేషెంట్ ఐడీ, పుట్టిన తేదీతో పాటు ఆసుపత్రి పేరు, పంపిన డాక్టరు, యాక్సెషన్ నంబరు (ఆ స్కాన్‌కి ఇచ్చే నంబరు), మీరన్న కామెంట్లు, అన్నీ వేర్వేరు ట్యాగుల్లో, అంటే గడుల్లో, ఉంటాయి. ఇవి కాక మెషీన్ కంపెనీలు బేసి సంఖ్య గ్రూపుల్లో సొంత ట్యాగులు పెట్టుకుంటాయి. వాటిలో ఏముందో పైకి తెలియదు, మొత్తం తీసేయడమే మేలు. ఏది తుడవాలో, ఏది మార్చాలో డైకామ్ ప్రమాణం 15వ భాగంలో పట్టికగా ఉంది. ఒక్కొక్కటీ చేత్తో చెరపకండి, ఎక్కడో ఒకటి తప్పిపోతుంది. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లున్నాయి: ఆర్‌ఎస్‌ఎన్‌ఏ (ఉత్తర అమెరికా రేడియాలజీ సంఘం) వాళ్ళ సీటీపీ ఉచితం, పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే పైడైకామ్ ఉంది.

తేదీల విషయంలో మాత్రం జాగ్రత్త. పూర్తిగా తుడిచేస్తే మొదటి స్కాన్‌కీ రెండో స్కాన్‌కీ ఎన్ని రోజులు గడిచాయో తెలియక పరిశోధన దెబ్బతింటుంది. ఒక్కో పేషెంటుకు ఒక్కో అంకె ఎంచుకుని, ఆయన తేదీలన్నిటినీ అన్ని రోజులే జరపండి. పేరు బదులు ఎవరికి ఏ కోడ్ ఇచ్చారో చెప్పే జాబితా మీ సెంటర్ దాటకూడదు.

ఇంకో సంగతి. స్కాన్‌తో పాటు డాక్టరు చీటీని కూడా స్కాన్ చేసి అదే ఫోల్డర్లో పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. అందులో పేరు బొమ్మలో భాగం, హెడర్ తుడిస్తే పోదు. అల్ట్రాసౌండ్ పైన కనిపించే పేరూ అంతే.

జవాబు: సూర్యారావుపేట రేడియాలజిస్ట్, విజయవాడ

హెడర్ మొత్తం శుభ్రం చేసినా తల స్కాన్‌లో ముఖం మిగులుతుందమ్మా. 2019లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు 84 మంది వాలంటీర్ల ఎంఆర్ఐల నుంచి ముఖాలు కట్టి, మామూలు ఫేస్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్‌తో వాళ్ళ ఫొటోలతో పోల్చారు. 70 మందిని సరిగ్గా పట్టుకుంది. సీటీలో 5 మిల్లీమీటర్ల మందం స్లైసులైతే (పొరలైతే) ముఖం మెట్లు మెట్లుగా వస్తుంది. 1 మిల్లీమీటరువి ఉంటే స్పష్టంగా తేలుతుంది. మెదడు ఒక్కటే ఉంచి మిగతాది కత్తిరించి ఇవ్వొచ్చు, పక్షవాతం పనికి చాలావరకు అది సరిపోతుంది.

ఛాతీ ఎక్స్‌రేల్లో ముఖం లేదు కదా అనుకుంటాం. 2017లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 30,805 మందివి 1,12,120 ఎక్స్‌రేలు పేర్లు లేకుండా విడుదల చేసింది. రెండు ఎక్స్‌రేలు ఒకే మనిషివో కాదో కంప్యూటర్ చాలా కచ్చితంగా చెప్పగలదని 2022లో జర్మనీ పరిశోధకులు వాటి మీదే చూపించారు. అంటే పేరున్న ఎక్స్‌రే ఒక్కటి చేతిలో ఉంటే పేరు లేనిదీ ఎవరిదో తేలిపోవచ్చు.

ఇంత చెప్పానని ఇవ్వడం మానొద్దు. మన ఊళ్ళ స్కాన్లు చూడని ప్రోగ్రాము రేపు మన పేషెంట్ల దగ్గర తప్పు చెబితే నష్టపోయేదీ మనవాళ్ళే.

జవాబు: ఎథిక్స్ కమిటీలో పనిచేశాను, గుంటూరు

పరిశోధన పేషెంట్లకు న్యాయంగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ముందు చూపించమనండి. డాక్టరు గారి నోటిమాట మీద హార్డ్ డిస్క్ ఇవ్వకండి. పాత రికార్డులకు, గుర్తులు తీసేసి ఉంటే, సమ్మతి మినహాయింపు ఇవ్వడానికి 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లో వీలుంది. ఆ నిర్ణయం మాత్రం కమిటీదే, సెంటర్ యజమానిది కాదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. మళ్ళీ గుర్తుపట్టే ప్రయత్నం చేయబోమని, పని అయ్యాక తుడిచేస్తామని అవతలి బృందం రాసివ్వాలి.

కొత్తపేట టెక్నీషియన్:

అందరికీ ధన్యవాదాలు. రేడియాలజిస్ట్ సార్ చెప్పింది చూద్దామని రాత్రి డ్యూటీలో, పేర్లు తీసేసిన యాంజియోలు (రక్తనాళాలు చూసే సన్న స్లైసుల తల సీటీలు) కొన్ని తెరిచి, చర్మం పైకి కనిపించేలా చేసే స్కిన్ ప్రీసెట్ పెట్టాను. మూడోదాంట్లో మా వీధి చివర ఇస్త్రీ చేసే తాత ముఖం వచ్చింది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ వంకర ముక్కు చూస్తే వేరే ఎవరో అనుకోవడానికి లేదు. స్క్రీన్ ఆపేసి కాసేపు బయట నిలబడ్డా.

పొద్దున డాక్టరు గారిని పిలిచి అదే చూపించాను. చాలాసేపు చూశారు. కమిటీకి రాద్దామన్నారు. హార్డ్ డిస్క్ ప్రస్తుతం బీరువాలో ఉంది.

ఇకపై వచ్చేవాళ్ళను ముందే అడగాలని ఉంది. "మీ స్కాన్ పరిశోధనకు వాడుకోవచ్చా" అంటే, వేలిముద్ర వేసే పెద్దవాళ్ళు ఇంకేదో పరీక్ష చేస్తారని భయపడుతున్నారు. మీరు వాళ్ళకు ఏ మాటల్లో చెబుతున్నారు? తెలుగులో రాసిన సమ్మతి పత్రం ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.