ముసలి జంట కథకి ఫ్లాష్‌బ్యాక్ కావాలా?

గౌతమీతీరం:
మొన్న ఆదివారం టీవీలో వచ్చిన నాటకం గురించే. డెబ్బై దాటిన దంపతులు మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిద్దామని హైదరాబాద్ నుంచి వస్తారు. పక్కూళ్ళో ఉన్న పాత ఇంటి తాళం తీసి, అరుగు మీద కూర్చుని, 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను కబుర్లలో పడతారు. దూడ కట్టు విప్పింది నేనంటే నేనని ఇద్దరి వాదన. ఆ పది నిమిషాలూ కళ్ళు తిప్పలేదు నేను. అంతలో ఫ్లాష్‌బ్యాక్! కుర్ర జంట, ఫ్యాన్ గాలికి ఊగే కొబ్బరాకులు. విప్పింది ఆయనే అని తేల్చిపారేశారు. ఇక ఆవిడ మాటకి విలువేముంది? నన్నడిగితే ఆ సీనే ఉండకూడదు.

పనసపొట్టు:
ఒప్పుకోనండి. మా పిల్లలకి తుఫానంటే ఫోన్లో వచ్చే మెసేజ్. చూపించకపోతే ముసలాళ్ళిద్దరూ గంటసేపు గొణుక్కున్నట్టే ఉంటుంది వాళ్ళకి.

రేవుగట్టు:
చూపిస్తే సరిగ్గా చూపించాలిగా. పెళ్ళివారి కారు యానాం నుంచి ఎదుర్లంకకి వంతెన మీద ఝామ్మని వచ్చేసింది! వాళ్ళ పెళ్ళినాటికి సరే, తుఫాను నాటికి కూడా అక్కడ వంతెన లేదు. పంటు ఎక్కి గోదారి దాటాల్సిందే.

పనసపొట్టు:
అది డైరెక్టర్ తప్పండి, ఫ్లాష్‌బ్యాక్‌ది కాదు. ఆయ్!

గౌతమీతీరం:
మా ఇంట్లో సంగతి చెప్తా. ఆ రాత్రి గాలికి తలుపు ఊడొస్తుంటే మంచం అడ్డం పెట్టింది తనేనని తాతయ్య అనేవాడు. "మంచం లాగింది నేను, ఈయన ఆంజనేయ దండకం చదువుతూ మూల కూర్చున్నారు" అని అమ్మమ్మ. దీపావళికి అందరం చేరితే ఏటా ఇదే గొడవ. దొడ్లో రెండు కొబ్బరిచెట్లే మిగిలాయన్న దగ్గర ఒకమాట మీద ఉండేవారు. పడిపోయిన చెట్ల మొవ్వు ఎన్నాళ్ళు తిన్నామన్న దగ్గర మళ్ళీ తేడా. ఆయన మూడు రోజులంటే ఆవిడ వారం అనేది. ఎవరిది నిజమో ఎవరైనా తీసి చూపిస్తే మాకు ఆ ఇద్దరూ మిగిలేవారా?
తాతయ్య పోయి రెండేళ్ళు. మొన్న అమ్మమ్మ కథ మొదలెట్టి, మంచం దాకా వచ్చి ఆగింది. "ఆయనే పెట్టారేమోలే" అంది.

పనసపొట్టు:
మీ అమ్మమ్మ సీన్ ఎవరైనా తీస్తే నేనూ చూస్తానండి. పంటు మాత్రం చూపించాల్సిందే.